కారు ఫ్యూజు మార్చడం ఎలా: ముందు అది ఎందుకు పోయిందో చూడండి

సెకండ్ హ్యాండ్ కారు కొన్న మొదటి నెలలో నాకు ఒకటే ఇబ్బంది మళ్లీ మళ్లీ వచ్చేది. ఫోన్ ఛార్జర్ పెట్టుకునే సాకెట్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసేది. దారిలో ఒక షాపులో చూపిస్తే, అతను 15 యాంప్స్ ఫ్యూజు తీసేసి 30 యాంప్స్‌ది పెట్టాడు. "ఇక పోదు సార్" అన్నాడు. నిజంగానే పోలేదు. పది రోజుల తర్వాత రుషికొండ బీచ్ దగ్గర కారు ఆపి, పాటలు పెట్టుకుని, మెత్తబడిన టైరుకి ఇన్‌ఫ్లేటర్‌తో గాలి పడుతున్నాను. డాష్‌బోర్డు లోపల్నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది, వెంటనే సన్నగా పొగ. వెనక సీట్లో పిల్లలున్నారు. వాళ్లని దింపి, బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

విప్పి చూస్తే కారణం దొరికింది. కారు అమ్మినాయన ఎప్పుడో మ్యూజిక్ సిస్టమ్ ఆంప్లిఫయర్‌కి కరెంటుని ఆ సాకెట్ వైరు నుంచే లాగించాడు. ఇన్‌ఫ్లేటర్ ఒక్కటే 10 యాంప్స్ తీసుకుంటుంది. ఆంప్లిఫయర్ కూడా కలిస్తే మొత్తం 20 దాటింది. 15 యాంప్స్ ఫ్యూజు పోవడం ఆ ఫ్యూజు తప్పు కాదు, అది చేయాల్సిన పనే అది. దాని స్థానంలో 30 వచ్చాక ఫ్యూజు తెగలేదు, వైరు కాలింది.

కారులో ఫ్యూజు పోయినప్పుడు మీరే ఎలా మార్చుకోవచ్చో, అంతకంటే ముఖ్యంగా అది ఎందుకు పోయిందో ఎలా కనిపెట్టాలో ఇక్కడ రాస్తున్నాను. ఎలక్ట్రీషియన్ కానక్కర్లేదు. కొంచెం ఓపిక ఉంటే చాలు.

ఫ్యూజు దేన్ని కాపాడుతుంది?

హెడ్‌లైట్‌ని, హారన్‌ని, మ్యూజిక్ సిస్టమ్‌ని కాపాడటానికే ఫ్యూజు ఉందని చాలామంది అనుకుంటారు. అసలు అది కాపాడేది వైరుని. కారులో ప్రతి వైరూ ఇంత కరెంటు వరకే మోయగలదని లెక్క చూసి వేస్తారు. ఆ లెక్క దాటకముందే తెగిపోయేలా దారిలో పెట్టిన సన్నటి లోహపు ముక్కే ఫ్యూజు. ఇప్పటి ఫ్యూజుల్లో ఈ ముక్క ఎక్కువగా జింకు మిశ్రమంతో చేసి ఉంటుంది. అది రాగి వైరు కంటే చాలా తక్కువ వేడికే కరుగుతుంది.

కరెంటు రెట్టింపయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 15 ఉండాల్సిన చోట 30 పెడితే, ఆ వైరు మామూలుగా తట్టుకునే వేడికి నాలుగింతలు పుట్టినా ఫ్యూజు అలాగే కూర్చుని ఉంటుంది. డాష్‌బోర్డు వెనక ఆ వైరు ఒంటరిగా ఉండదు, పాతిక ముప్ఫై వైర్లతో కలిపి కట్టేసి ఉంటుంది. ఒకటి కరిగితే పక్కవాటికి అంటుకుంటుంది.

లెక్క వేసుకోవడం కష్టమేం కాదు. కారు బ్యాటరీ 12 వోల్టులు. పరికరం మీద రాసి ఉన్న వాట్లను 12తో భాగిస్తే యాంప్స్ వస్తాయి. 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు 5 యాంప్స్. సాకెట్ దగ్గర 120 వాట్లు అని రాసి ఉంటే అది 10 యాంప్స్ వరకే అని అర్థం. ఫ్యూజు రేటింగులో ముప్పావు వంతు వరకు ఎడతెగకుండా వాడుకోవచ్చని ఒక మోటు లెక్క పెట్టుకోండి. 10 యాంప్స్ వాడకానికి 15 యాంప్స్ ఫ్యూజు అందుకే సరిపోతుంది.

ఇంకో సంగతి. రేటింగు దాటిన క్షణంలోనే ఫ్యూజు తెగిపోదు. మామూలు బ్లేడు ఫ్యూజు మీద 35 శాతం ఎక్కువ లోడ్ పడితే సెకను లోపు తెగొచ్చు, పది నిమిషాల దాకా ఆగనూ వచ్చు. రెట్టింపు కరెంటు పోతే ఎక్కువలో ఎక్కువ 5 సెకన్లు. నా సాకెట్ ఫ్యూజు ఇన్‌ఫ్లేటర్ పెట్టిన వెంటనే కాక, టైరు సగం నిండాక పోతుండేది. దాని అర్థం షార్ట్ (వైరు కారు బాడీకి తగలడం లాంటిది) కాదు, ఓవర్‌లోడ్ (మోయగలిగినదానికంటే ఎక్కువ వాడకం). అప్పట్లో నాకది తెలిసి ఉంటే వెతకాల్సిన చోటే వేరుగా ఉండేది.

రంగులు, సైజులు

బ్లేడు ఫ్యూజుకి రెండు కాళ్లు, పైన రంగు ప్లాస్టిక్ ఉంటాయి. ప్లాస్టిక్ మీద అంకె వేసి ఉంటుంది. రంగు కూడా అదే చెబుతుంది: 5 యాంప్స్ లేత గోధుమ రంగు, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 రంగు లేకుండా తెల్లగా, 30 ఆకుపచ్చ, 40 నారింజ. రంగు వెలిసిపోయి అనుమానం వస్తే అంకెనే నమ్మండి.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది సైజు దగ్గర. పాత మోడళ్లలో 19 మిల్లీమీటర్ల వెడల్పున్న రెగ్యులర్ ఫ్యూజులు ఎక్కువ. తర్వాతి వాటిలో 11 మిల్లీమీటర్ల మినీ ఫ్యూజులు. ఈ మినీలోనే కాళ్లు పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ రకం ఒకటుంది. వెడల్పు రెండింటికీ ఒకటే కావడంతో షాపులో తేడా తెలియదు, ఇంటికొచ్చి పెట్టాక సరిగ్గా కూర్చోదు. ఇవి కాక ఇంకా సన్నటి మైక్రో, పెద్ద కరెంట్లకి మ్యాక్సీ ఉన్నాయి. ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పోయిన ఫ్యూజుని జేబులో వేసుకుని వెళ్లి, పక్కన పెట్టి పోల్చి కొనండి. గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లినా, ఇంటి దగ్గరి స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లినా ఇదే మంచి పద్ధతి.

కంపెనీ గుర్తు గానీ అంకె గానీ సరిగ్గా అచ్చుకాని ఫ్యూజులు ఎంత చవకైనా వద్దు. రేటింగు దాటినా తెగని నాసిరకం సరుకు ఉంటుంది. ఫ్యూజు తెగకపోతే ఏమవుతుందో నేను రుషికొండలో చూశాను.

ఫ్యూజు బాక్సు ఎక్కడుంటుంది?

సాధారణంగా రెండుంటాయి. ఒకటి లోపల, ఎక్కువ కార్లలో స్టీరింగ్‌కి కుడి పక్కన డాష్‌బోర్డు కింద చిన్న మూత వెనక. కొన్నింటిలో గ్లవ్ బాక్సు వెనక. లైట్లు, మ్యూజిక్, పవర్ విండోలు, సాకెట్ లాంటివి ఇక్కడ దొరుకుతాయి. రెండోది బానెట్ కింద, బ్యాటరీ పక్కన నల్ల పెట్టె. హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాను, హారన్, ఏబీఎస్ లాంటివి ఎక్కువగా అందులో. మోడల్‌ని బట్టి ఇది మారుతుంది కాబట్టి ఓనర్స్ మాన్యువల్ తీసి చూడండి. మూత లోపలివైపు కూడా పటం ఉంటుంది. పట్టపగలు తీరిగ్గా ఆ రెండింటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అర్ధరాత్రి వర్షంలో ఆ మూత మీది చిన్న అక్షరాలు చదవడం ఎంత టెన్షనో చదివినవాళ్లకే తెలుస్తుంది.

బాక్సులో కనిపించే నల్ల చదరపు డబ్బీలు రిలేలు. అవి ఫ్యూజులు కావు, కరెంటుతో పనిచేసే స్విచ్‌లు. హారన్ మోగక, ఫ్యూజు బాగానే ఉంటే, దాని రిలేని అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి చూడండి. మోగితే తప్పు రిలేది.

మార్చే పద్ధతి

మొదట ఇంజిన్ ఆపండి, తాళం తీసేయండి, పనిచేయని వస్తువు స్విచ్ కూడా ఆఫ్ చేయండి. స్విచ్ ఆన్‌లో ఉండగా ఫ్యూజు దిగ్గొడితే కాళ్ల దగ్గర నిప్పురవ్వ లేచి లోపలి బిగువు పాడవుతుంది.

తర్వాత పటంలో ఆ ఫ్యూజు నంబరు వెతకండి. ఒక్క ఫ్యూజు రెండు మూడు వస్తువులకి ఉండొచ్చు. హారన్‌తో పాటు ఇంకేదైనా పనిచేయడం లేదేమో చూస్తే సగం అనుమానం తీరుతుంది. ఎడమ, కుడి హెడ్‌లైట్లకి చాలా కార్లలో వేరువేరు ఫ్యూజులు పెడతారు, ఒకటి పోయినా రెండోది వెలగాలని.

తీయకుండానే ఫ్యూజుని పరీక్షించొచ్చు. దీనికి 12 వోల్టుల టెస్ట్ లైట్ కావాలి. దాని క్లిప్పుని కారు బాడీ మీద రంగు లేని లోహానికి పెట్టి, తాళం ఆన్ చేసి, ఫ్యూజు పైన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కలని మొనతో తాకండి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగుంది. ఒక చోటే వెలిగితే పోయింది. రెండు చోట్లా వెలగకపోతే ఫ్యూజు దాకా కరెంటే రావడం లేదు, తప్పు దానికి ముందు ఉంది. ఫ్యూజు మార్చినా లాభం లేదని ఈ ఒక్క పరీక్ష చెప్పేస్తుంది. మల్టీమీటర్ ఉన్నవాళ్లు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఇదే చేయొచ్చు. బీప్ వచ్చే కంటిన్యుటీ పరీక్ష మాత్రం ఫ్యూజు బయటికి తీశాకే చేయండి. లోపల ఉండగా పెడితే వేరే దారిన కరెంటు తిరిగి వచ్చి, పోయిన ఫ్యూజు కూడా బాగున్నట్టు బీప్ రావచ్చు.

తీయడానికి చాలా కార్లలో మూత లోపలే ప్లాస్టిక్ పట్టకారు లాంటిది ఉంటుంది. దాంతో నిటారుగా లాగండి, అటూ ఇటూ ఊపొద్దు. అది లేకపోతే నోస్ ప్లయర్, కానీ మునివేళ్లతో పట్టుకున్నంత మెత్తగా. స్క్రూడ్రైవర్‌తో మీటితే ఫ్యూజు కూర్చునే సాకెట్ నోరు వెడల్పవుతుంది. ఆ తర్వాత ఎంత మంచి ఫ్యూజు పెట్టినా వదులే.

కొత్తది అదే రేటింగు, అదే సైజు. ఎటువైపు తిప్పి పెట్టినా ఫరవాలేదు, దీనికి ప్లస్ మైనస్ లేవు. పక్క ఫ్యూజులతో సమానంగా దిగేదాకా నొక్కండి. తాళం తిప్పి, స్విచ్ వేసి చూడండి.

పోయిన ఫ్యూజుని పారేయకండి, వెలుతురులో చూడండి

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. పోయిన ఫ్యూజుని చూస్తే అది ఎలా పోయిందో తెలుస్తుంది. ప్లాస్టిక్ లోపల మసి పట్టి, తీగ చెదిరిపోయినట్టుంటే ఒక్కసారిగా పెద్ద కరెంటు పోయింది, అంటే షార్ట్. వైరు ఎక్కడో బాడీకి తగిలింది, లేదా ఛార్జర్ సాకెట్లో రూపాయి బిళ్ల పడింది. నిజంగా పడుతుంది, పిల్లలున్న కార్లలో మరీను. మసి లేకుండా తీగ మధ్యలో మెత్తగా కరిగి విడిపోతే అది ఓవర్‌లోడ్. ఏదో మోటారు బిగుసుకుంది, లేదా ఆ వైరు మీద అదనంగా ఏదో తగిలించారు.

మూడో రకం ఇంకా ముఖ్యం. తీగ తెగలేదు, కానీ ప్లాస్టిక్ కాళ్ల దగ్గర కరిగి గోధుమరంగుకి తిరిగింది. దీనికి కారణం కరెంటు ఎక్కువ కావడం కాదు, ఫ్యూజు కూర్చునే సాకెట్లో పట్టు వదులవడం. వదులైన చోట వేడి పుడుతుంది. ఏసీ బ్లోయర్ లాంటి 30 యాంప్స్ ఫ్యూజుల దగ్గర ఇది ఎక్కువ. కొత్త ఫ్యూజు పెడితే అది కూడా కరుగుతుంది. ఆ సాకెట్ టెర్మినల్, అంటే ఫ్యూజు కాళ్లని పట్టుకునే లోహపు ముక్క, మార్పించాలి.

పెట్టగానే మళ్లీ పోతుంటే

ఒకసారి మార్చండి. రెండోసారి పోతే మూడోది పెట్టకుండా ఆలోచించండి. అన్ని స్విచ్‌లూ ఆఫ్‌లో ఉండగానే పోతే తప్పు స్విచ్‌కి ముందున్న వైరులో. స్విచ్ వేయగానే పోతే స్విచ్ తర్వాతి వైరులోనో ఆ పరికరంలోనో. పది నిమిషాలు నడిచాక పోతే మోటారు మీద అనుమానపడండి. గుంతలో దిగినప్పుడే పోతే ఎక్కడో వైరు ఒరుసుకుంటోంది. డిక్కీ మడత దగ్గర, డోరు తెరిచే చోటి రబ్బరు గొట్టంలో, రోజూ వంగి వంగి వైరు పైతొడుగు చిట్లుతుంది. నంబర్ ప్లేట్ లైటు ఫ్యూజు పదే పదే పోతే డిక్కీ మూత మడత దగ్గర మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు పెట్టేవాళ్లు బానెట్ కింద ఎలుక పళ్ల గుర్తులు కూడా వెతకాలి. వానాకాలంలో అవి వెచ్చగా ఉంటుందని ఇంజిన్ మీదికి చేరతాయి.

షార్ట్ ఎక్కడుందో వెతకడానికి ఒక్కో ఫ్యూజూ కాల్చుకుంటూ పోనక్కర్లేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కలిపి, పోయిన ఫ్యూజు స్థానంలో తగిలించండి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు గట్టిగా వెలుగుతుంది. బల్బు మీదుగా 2 యాంప్స్ లోపే పోతుంది కాబట్టి వైరు కాలదు. ఇప్పుడు ఆ లైన్లోని కనెక్టర్లు ఒక్కొక్కటి ఊడదీస్తూ, వైర్లు మెల్లగా కదుపుతూ రండి. ఏది కదిపినప్పుడు బల్బు ఆరిపోతుందో లేదా మసకబారుతుందో, తప్పు అక్కడే. అమాయకంగా కనిపించే ఈ బల్బు నాకు ఒక పూట పనిని అరగంటకి తగ్గించింది.

విశాఖలో ఉప్పుగాలి సంగతి

బీచ్ రోడ్డులో, రుషికొండ, భీమిలి వైపు రోజూ బయట పెట్టే కార్లకి ఫ్యూజు తెగకుండానే ఫ్యూజు పోయినట్టు అనిపించే జబ్బొకటి ఉంది. హెడ్‌లైటు ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు. ఫ్యూజు తీసి మళ్లీ పెడితే బాగవుతుంది. పెట్టెలో ఉప్పు తేమ చేరి, ఫ్యూజు కాళ్ల మీద తెల్లటి పొడి, రాగి టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. కరెంటు దారికి అది అడ్డం.

తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరాక మళ్లీ పెట్టండి. ఒక్కొక్కటే అని ఎందుకన్నానంటే, అన్నీ ఒకేసారి తీస్తే ఏది ఎక్కడిదో కలగాపులగమవుతుంది. గరుకు కాగితంతో రుద్దొద్దు. పైనున్న తగరం పూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. బానెట్ కింది పెట్టె మూత క్లిప్పులన్నీ పడ్డాయో లేదో ప్రతిసారీ వేలితో నొక్కి చూడండి. వాటర్ సర్వీసింగ్ దగ్గర బానెట్ లోపల ప్రెషర్‌తో నీళ్లు కొట్టొద్దని ముందే చెప్పండి. ఉప్పు కడగాల్సింది కారు అడుగున, బాడీ మీద.

దారిలో పోతే, చేతిలో స్పేర్ లేకపోతే

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు చీకట్లో ఒక హెడ్‌లైట్ ఫ్యూజు పోయిందనుకోండి. కారుని సురక్షితమైన చోట ఆపి, హజార్డ్ లైట్లు వేసి, అంతగా అవసరం లేని చోటు నుంచి అదే అంకె, అదే సైజు ఫ్యూజు తీసి పెట్టుకోండి. సాకెట్‌దో మ్యూజిక్ సిస్టమ్‌దో చాలు. సరిగ్గా అదే అంకె దొరక్కపోతే తక్కువ అంకెది పెట్టొచ్చు. మహా అయితే అదీ పోతుంది. ఎక్కువ అంకెది ఒక్క కిలోమీటరుకైనా వద్దు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, రాగి తీగ పోగులు, పిన్నీసులు ఇప్పటికీ కొందరు పెడతారు. వాటికి తెగే హద్దంటూ ఉండదు, ఇంటికొచ్చాక తీద్దామని మరిచిపోతారు కూడా.

మీరు చేయకూడనివి

ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు, దాని పసుపు కనెక్టర్ల జోలికి వెళ్లొద్దు. బ్యాటరీ ప్లస్ మీద బోల్టుతో బిగించిన పెద్ద మెయిన్ ఫ్యూజులు మెకానిక్‌కి వదిలేయండి. అక్కడ స్పానర్ జారి బాడీకి తగిలితే పెద్ద మంటే లేస్తుంది. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో కూడా 12 వోల్టుల ఫ్యూజు బాక్సు ఉంటుంది, దాన్ని పైన చెప్పినట్టే చూసుకోవచ్చు. కానీ నారింజ రంగు తొడుగున్న లావుపాటి కేబుళ్లు ప్రాణం తీసే హై వోల్టేజివి. వాటిని ముట్టుకోవద్దు.

కొత్త హారన్, కొత్త లైట్లు పెట్టించుకుంటుంటే

కొత్త కారుకి ఆశీల్‌మెట్ట సంపత్ వినాయక గుడి దగ్గర పూజ చేయించాక, చాలామంది వెళ్లేది యాక్సెసరీస్ షాపుకి. గట్టి హారన్, ఫాగ్ లైట్లు, ఆంప్లిఫయర్ పెట్టించుకోండి, తప్పు లేదు. కానీ పక్కన నిలబడి మూడు విషయాలు అడగండి. కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వేరే వైరుతో తీసుకుంటున్నారా? ఆ వైరుకి బ్యాటరీ దగ్గరే, జానెడు దూరం లోపలే, సొంత ఫ్యూజు పెడుతున్నారా? లైట్లకీ హారన్‌కీ రిలే వేస్తున్నారా? ఫ్యూజుని అవతలి చివర పెడితే మధ్యలో ఒరుసుకున్న వైరుకి కాపలా ఉండదు. కారు వైరుని కోసి జాయింట్ వేసి టేపు చుడతామంటే ఒప్పుకోవద్దు. వారంటీ గొడవ ఒకటైతే, నా సాకెట్‌కి జరిగింది ఇంకొకటి.

ఆ వైరింగ్ బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పుడు ఆంప్లిఫయర్‌కి సొంత వైరు, సొంత ఫ్యూజు ఉన్నాయి. సాకెట్‌కి మళ్లీ నీలం రంగు 15 వచ్చింది. గ్లవ్ బాక్సులో చిన్న డబ్బా ఉంచాను: 10, 15, 20, 30 రేటింగుల్లో రెండేసి ఫ్యూజులు, టెస్ట్ లైటు, ప్లాస్టిక్ పట్టకారు, వైర్లు కలిపిన ఇండికేటర్ బల్బు. డబ్బా మూత లోపల ఒక కాగితం అతికించాను. ఏ ఫ్యూజు, ఏ తేదీన, ఏం చేస్తుండగా పోయిందో దాని మీద రాస్తాను. ఒకే పేరు రెండోసారి కనిపించిందంటే, ఆ ఆదివారం పొద్దున్న బానెట్ ఎత్తుతాను.